నూతన నిబంధన గ్రీకు వాక్యనిర్మాణ అధ్యయనం: కంప్యూటర్ సాధనాలు, తెలుగు వ్యాకరణ దృష్టి

క్రైస్తవ నూతన నిబంధన గ్రీకు మూలంలో ఏ పదం ఏ పదానికి లోబడి ఉంది, ఏ ఉపవాక్యం ఏ క్రియతో అన్వయిస్తుంది అన్న వివరాలను పదం వెంట పదంగా గుర్తించి భద్రపరచిన దత్తాంశ సంపుటాలనూ, పాఠకుడు అడిగిన ప్రశ్నకు వాటిలోంచి సమాధానం వెదికి చూపే సాఫ్ట్‌వేర్‌నూ కలిపి వాక్యనిర్మాణ అధ్యయన సాధనాలు అంటారు. నిఘంటువు పదానికి అర్థం చెబుతుంది, పదసూచిక ఆ పదం ఎక్కడెక్కడ వచ్చిందో చెబుతుంది. వాక్యంలో ఆ పదం చేసే పని ఏమిటో చెప్పడం ఈ సాధనాల ప్రత్యేకత. పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో, బైబిలు అనువాద సంస్థలలో రూపుదిద్దుకున్న ఈ విద్యకు, హైదరాబాద్ కేంద్రంగా, క్రియకూ నామవాచకాలకూ ఉండే సంబంధాలను వివరించే పాణినీయ కారక సిద్ధాంతం ఆధారంగా సాగిన వాక్య విశ్లేషణ కృషికి దగ్గరి పోలిక ఉంది. ఆ కారణంగా తెలుగు పాఠకుడు తనకు తెలిసిన వ్యాకరణ పరిభాషతోనే ఈ రంగంలోకి ప్రవేశించడానికి వీలుంది.

గ్రీకు వాక్య స్వభావం

నూతన నిబంధనలోని 27 గ్రంథాలు కొయినే అనే గ్రీకు భాషారూపంలో ఉన్నాయి. అలెగ్జాండర్ దండయాత్రల తర్వాత తూర్పు మధ్యధరా ప్రాంతమంతటా వ్యాపించిన వ్యవహార భాష ఇది. ఈ గ్రంథాల మొత్తం పరిమాణం సుమారు 1,38,000 పదాలు. గ్రీకు నామవాచకానికి ప్రథమ, ద్వితీయ, షష్ఠి, చతుర్థి, సంబోధన అని స్థూలంగా పోల్చదగిన అయిదు విభక్తి రూపాలు ఉంటాయి. క్రియారూపం పురుష, వచన, కాల, అర్థ, ప్రయోగ భేదాలను ఒకే పదంలో చూపుతుంది. విభక్తి ప్రత్యయాలే సంబంధాలను తెలుపుతాయి కాబట్టి, తెలుగులో ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అన్నా ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నా కర్త మారనట్లే, గ్రీకులో కూడా పదక్రమానికి చాలా స్వేచ్ఛ ఉంటుంది.

ఈ స్వేచ్ఛతో పాటు మరో రెండు లక్షణాలు గ్రీకు వాక్యాన్ని క్లిష్టం చేస్తాయి. మొదటిది వాక్య దైర్ఘ్యం: ఎఫెసీయులకు రాసిన పత్రికలో మొదటి అధ్యాయం 3వ వచనం నుంచి 14వ వచనం దాకా ఉన్న భాగాన్ని వ్యాకరణపరంగా ఒకే వాక్యంగా పండితులు పరిగణిస్తారు. రెండోది రాతప్రతుల తీరు: తొలి శతాబ్దాల ప్రతులలో పదాల మధ్య ఖాళీలు లేవు, విరామ చిహ్నాలు దాదాపు లేవు. వాక్యం ఎక్కడ ముగిసిందో, ఒక పదం ముందున్న క్రియకు చెందినదో వెనకనున్న క్రియకు చెందినదో తేల్చే పని తరవాతి సంపాదకుల మీద పడింది. వాక్యనిర్మాణ సాధనాల అవసరం ఇక్కడే మొదలవుతుంది.

పదవిశ్లేషణ నుంచి వాక్యవృక్షం దాకా

కంప్యూటర్లకు ముందే ఈ దారిలో కొంత పని జరిగింది. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో ప్రచురించిన పదసూచిక ప్రతి మూలపదానికీ ఒక సంఖ్య ఇచ్చి, మూలభాష రాని పాఠకుడు కూడా ఆ పదం దాకా చేరే వీలు కల్పించింది. ఇటలీకి చెందిన జెస్యూట్ పండితుడు రొబెర్తో బూసా 1949లో థామస్ అక్వినాస్ లాటిన్ రచనల పదసూచికను యంత్ర సహాయంతో రూపొందించే పనికి పూనుకున్నాడు. గ్రీకు సాహిత్యం మొత్తాన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే ఉద్దేశంతో 1972లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ ప్రాంగణంలో ‘థెసారస్ లింగ్వే గ్రేకే’ మొదలైంది.

తరవాతి దశ పదవిశ్లేషణ, అంటే ప్రతి పదం పక్కన దాని ధాతువు లేదా ప్రాతిపదిక, విభక్తి, వచనం, కాలం వంటి వివరాలను సంకేతాలతో నమోదు చేయడం. 1970 దశకంలో అమెరికాలో మొదలైన గ్రామ్‌కార్డ్ ప్రాజెక్టు, 1981లో బార్బరా, తిమోతీ ఫ్రైబర్గ్ దంపతుల విశ్లేషణాత్మక గ్రీకు నూతన నిబంధన ఈ దశకు ముఖ్యమైన ఫలితాలు. 1990 దశకంలో లోగోస్, అకార్డెన్స్, బైబిల్‌వర్క్స్ వంటి వాణిజ్య సాఫ్ట్‌వేర్లు ఈ విశ్లేషణను వ్యక్తిగత కంప్యూటర్ల మీదికి తెచ్చాయి; వీటిలో బైబిల్‌వర్క్స్ 2018లో మూతపడింది. 2010లో మైకేల్ హోమ్స్ సంపాదకత్వంలో బిబ్లికల్ లిటరేచర్ సొసైటీ గ్రీకు పాఠం ఉచితంగా వెలువడడంతో, జేమ్స్ టౌబర్ నిర్వహించే మార్ఫ్‌జీఎన్‌టీ వంటి స్వేచ్ఛా దత్తాంశాలకు ఆధునిక మూలపాఠం దొరికింది.

పదవిశ్లేషణ ‘ఇది షష్ఠి’ అని చెబుతుంది కానీ, ఆ షష్ఠి ఏ నామవాచకానికి విశేషణమో చెప్పదు. ఆ లోటు తీర్చడానికి వచ్చినవి ట్రీబ్యాంకులు. వాక్యంలోని సంబంధాలను కొమ్మలూ రెమ్మలుగా గీసిన చిత్రాన్ని వాక్యవృక్షం అనీ, అలాంటి వృక్షాల భాండారాన్ని ట్రీబ్యాంక్ అనీ పిలుస్తారు. స్టాన్లీ పోర్టర్, మాథ్యూ బ్రూక్ ఓడానెల్, జెఫ్రీ రీడ్ చేపట్టిన ఓపెన్‌టెక్స్ట్ ప్రాజెక్టు ఉపవాక్యాన్ని కర్త, క్రియ, పూరకం, అనుబంధం అనే భాగాలుగా విడదీసింది. ఆండీ వూ, రాండల్ టాన్ నాయకత్వంలో తయారైన వృక్షాలలో, ముందు నియమాల ఆధారంగా కంప్యూటర్ గీసిన నిర్మాణాన్ని తరవాత మనుషులు సరిదిద్దారు. ఆ వృక్షాల నుంచే, అవ్యక్త కర్తనూ సర్వనామం సూచించే వ్యక్తినీ కూడా గుర్తించిన మాక్యులా అనే స్వేచ్ఛా దత్తాంశం విస్తరించింది. ఓస్లో విశ్వవిద్యాలయంలో డాగ్ హౌగ్ ఆధ్వర్యంలో సాగిన ప్రొయేల్ ప్రాజెక్టు టిషెండార్ఫ్ పరిష్కరించిన గ్రీకు పాఠాన్నీ, దాని పక్కనే లాటిన్, గోథిక్, ఆర్మీనియన్, ప్రాచీన స్లావిక్ అనువాదాలనూ ఒకే పద్ధతిలో విశ్లేషించింది. ఒకే మూలవాక్యాన్ని నాలుగు ప్రాచీన భాషలు ఎలా మలుచుకున్నాయో పోల్చి చూడడానికి వీలు కలగడం ఈ ప్రాజెక్టు పెద్ద ఫలితం.

రెండు రకాల వృక్షాలు

వాక్యవృక్షాలు ప్రధానంగా రెండు రకాలు. పదబంధ వృక్షం వాక్యాన్ని ఉపవాక్యాలుగా, ఉపవాక్యాలను పదబంధాలుగా, పదబంధాలను పదాలుగా విడదీస్తూ పోతుంది. ఆండీ వూ, రాండల్ టాన్ వృక్షాలు ఈ కోవకు చెందినవి. ఆశ్రిత వృక్షంలో పదబంధాలు అనే మధ్య అంతస్తులు ఉండవు. సమాపక క్రియ మూలంగా నిలుస్తుంది, మిగిలిన ప్రతి పదమూ మరొక పదానికి ఆశ్రితంగా ఉంటుంది, ఆ ఆశ్రయ సంబంధానికి ఒక పేరు ఉంటుంది. ప్రొయేల్ వృక్షాలు ఈ రకానివి. పదక్రమ స్వేచ్ఛ ఎక్కువగా ఉండి, ఒకే పదబంధంలోని పదాలు వాక్యంలో దూరదూరంగా పడే గ్రీకు వంటి భాషలకు ఆశ్రిత వృక్షం అనువుగా ఉంటుందన్న అభిప్రాయం బలంగా ఉంది.

వృక్షాలు సిద్ధంగా ఉంటే వాటిని ప్రశ్నించవచ్చు. ఎక్స్‌ఎమ్ఎల్ రూపంలో ఉన్న వృక్షాలను ఎక్స్‌పాత్, ఎక్స్‌క్వెరీ అనే ప్రశ్నభాషలతోనూ, డిర్క్ రోర్డా రూపొందించిన టెక్స్ట్-ఫ్యాబ్రిక్‌లో పైథాన్ కార్యక్రమాలతోనూ వెదుకుతారు. ‘విధ్యర్థక క్రియకు ముందు, దానికే ఆశ్రితమై, ప్రథమా విభక్తిలో ఉన్న అసమాపక క్రియలన్నీ చూపు’ అన్న ప్రశ్నకు పదసూచికతో జవాబు వెదకాలంటే నెలల తరబడి పేజీలు తిప్పవలసి ఉంటుంది. ట్రీబ్యాంకు అదే జాబితాను క్షణాలలో ఇస్తుంది. ఆ జాబితాలోని ఒక్కో ఉదాహరణను సందర్భంతో కలిపి చదివి, అవన్నీ నిజంగా ఒకే రకమైనవా అని తేల్చవలసింది మాత్రం పరిశోధకుడే.

దగ్గరగా ఒక వాక్యం: మత్తయి 28:19–20

మత్తయి సువార్త చివర యేసు శిష్యులకు ఇచ్చిన ఆజ్ఞ ఈ సాధనాల ఉపయోగాన్ని స్పష్టంగా చూపుతుంది. ఈ వాక్యంలో నాలుగు ముఖ్యమైన క్రియారూపాలు ఉన్నాయి. ‘మథేతెఉసతె’ అనేది విధ్యర్థకం, మధ్యమ పురుష బహువచనం. శిష్యులుగా చేయమన్న ఆజ్ఞ ఇందులో ఉంది. దానికి ముందు వచ్చే ‘పొరెఉథెంతెస్’ వెళ్లడాన్ని చెప్పే అసమాపక క్రియ. దాని తరవాత వచ్చే ‘బప్తీజొంతెస్’, ‘దిదాస్కొంతెస్’ బాప్తిస్మమివ్వడాన్నీ బోధించడాన్నీ చెప్పే వర్తమాన అసమాపక క్రియలు. ఈ మూడూ ప్రథమా విభక్తి బహువచనంలో ఉన్నాయి. వృక్షంలో విధ్యర్థకం మూలంగా నిలిస్తే, మూడు అసమాపక క్రియలూ దానికి నేరుగా ఆశ్రితాలవుతాయి.

మొదటి అసమాపక క్రియ ఆజ్ఞలో భాగమా, లేక వెళ్లడం ఎలాగూ జరిగేదన్నట్టు చెప్పిన నేపథ్యమా అన్నది వ్యాఖ్యాతలు చర్చించిన విషయం. తెలుగు క్త్వార్థకం ఈ చర్చకు మంచి వెలుగు ఇస్తుంది. ‘బజారుకు వెళ్లి ఉప్పు తీసుకురా’ అన్న వాక్యంలో ‘వెళ్లి’ రూపంలో విధ్యర్థకం కాదు. అయినా విన్నవాడు వెళ్లడం కూడా తనకు చెప్పిన పనే అని గ్రహిస్తాడు. ప్రధాన క్రియలోని ఆజ్ఞార్థం దానికి ఆశ్రితమైన అసమాపక క్రియకు కూడా ప్రసరిస్తుందన్న మాట. గ్రీకులోనూ భూతకాలిక అసమాపక క్రియ విధ్యర్థకానికి ముందు వచ్చే చోట్ల ఇలాంటి ప్రసరణే జరుగుతుందని పలువురు వ్యాకర్తలు చెబుతారు.

చివరి రెండు అసమాపక క్రియల దగ్గర తెలుగు వేరే దారి పడుతుంది. తెలుగు వాక్యంలో అసమాపక క్రియ సాధారణంగా సమాపక క్రియకు ముందే ఉండాలి. గ్రీకులో అది తరవాత కూడా రావచ్చు. ఆ కారణంగా చాలాకాలంగా తెలుగు సంఘాలలో వాడుకలో ఉన్న అనువాదం, బాప్తిస్మమివ్వడాన్ని శత్రర్థకంగా ఉంచి, బోధించడాన్ని విధ్యర్థక సమాపక క్రియగా మార్చింది. గ్రీకు వృక్షంలో ఒకే స్థాయిలో పక్కపక్కన ఉన్న రెండు పనులలో ఒకటి, తెలుగు వృక్షంలో రెండోదాని కింద చేరింది. ఆజ్ఞలు గ్రీకులో ఒకటి, తెలుగులో రెండు. అనువాదకులు తెలుగు వాక్యధర్మాన్ని గౌరవించి చేసిన ఈ మార్పు తప్పు కాదు. అయితే తెలుగు పాఠం మీదనే ఆధారపడి ఆజ్ఞలను లెక్కపెట్టి ప్రసంగం నిర్మించే బోధకుడికి, మూలంలో ప్రధాన క్రియ ఒక్కటేనన్న సంగతి వృక్షాన్ని చూస్తే తప్ప తెలియదు.

హైదరాబాద్ కృషి, కారక దృష్టి

తెలుగు వాక్యాన్ని శాస్త్రీయంగా పరిశీలించే సంప్రదాయం తెలుగునాట కొత్తది కాదు. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ (1975) పరివర్తన వ్యాకరణ దృష్టితో తెలుగు వాక్యాన్ని విశ్లేషించి ఆధునిక చర్చకు పునాది వేసింది. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలోని ఉదాహరణ వాక్యాలను తీసుకుని తారక రామ, సౌమ్య వజ్జల రూపొందించిన ట్రీబ్యాంకు, ‘యూనివర్సల్ డిపెండెన్సీస్’ అనే అంతర్జాతీయ భాండారంలో చేరింది. ప్రొయేల్ గ్రీకు వృక్షాలు కూడా అదే భాండారంలో, అవే సంబంధ నామాలతో ఉన్నాయి. తెలుగు వాక్యాన్నీ నూతన నిబంధన గ్రీకు వాక్యాన్నీ ఒకే కొలతతో పోల్చే సౌకర్యం ఈ విధంగా ఏర్పడింది.

దీనికి సమాంతరంగా, అక్షరభారతి బృందంలోని వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ తదితరులు పాణిని కారక సిద్ధాంతం ఆధారంగా భారతీయ భాషల యాంత్రిక విశ్లేషణకు ఒక చట్రాన్ని రూపొందించి 1995లో గ్రంథంగా ప్రచురించారు. హైదరాబాద్‌లోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ (ట్రిపుల్ ఐటీ)లో హిందీ, తెలుగు తదితర భాషల ట్రీబ్యాంకులు ఆ చట్రంలోనే తయారయ్యాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ సంస్కృత అధ్యయన శాఖలో అంబా కులకర్ణి ఆధ్వర్యంలో అభివృద్ధి చెందిన ‘సంసాధనీ’ సంధి విడదీయడం నుంచి కారక సంబంధాలు చూపే దాకా సంస్కృత పాఠాల పఠనానికి తోడ్పడుతుంది. పవిత్ర గ్రంథాల వాక్యాలను కంప్యూటర్‌తో అన్వయించి చదివే పని సంస్కృతం విషయంలో తెలుగు నేల మీదనే సాగుతున్నదనడానికి ఇది నిదర్శనం.

కారక దృష్టి గ్రీకు పఠనానికి తోడ్పడే చోటు కర్మణి ప్రయోగం. మత్తయి 5:4లో దుఃఖపడేవారి గురించి చెప్పిన ‘పరక్లేథేసొంతై’ భవిష్యత్కాల కర్మణి రూపం. ఓదార్పు పొందేవారు ప్రథమలో ఉన్నారు, ఓదార్చేవారి పేరు లేదు. దేవుడి పేరు ఎత్తకుండా ఆయన చేసే పనిని చెప్పే పద్ధతి ఇదని చాలామంది వ్యాఖ్యాతలు భావిస్తారు. రూపం మీద ఆధారపడిన విశ్లేషణ ప్రథమలో ఉన్న పదాన్ని కర్మణి ప్రయోగపు ‘సబ్జెక్ట్’గా గుర్తిస్తుంది. కారక విశ్లేషణ మాత్రం విభక్తి ఏదైనా ఓదార్పు పొందేవారిని కర్మగానే ఉంచి, కర్త స్థానం ఖాళీగా ఉన్నట్టు చూపుతుంది. వ్యాఖ్యాత అడగవలసిన ‘చేసేవారు ఎవరు’ అన్న ప్రశ్న వృక్షంలోనే కనిపిస్తుంది.

సందిగ్ధత, సంపాదకుల నిర్ణయాలు

ప్రతి వృక్షం వెనక ఒక నిర్ణయం ఉంటుంది. లూకా 23:43లో, సిలువ మీద ఉన్న నేరస్థుడికి యేసు ఇచ్చిన మాటలో ‘సేమెరొన్’ (నేడు) అనే క్రియావిశేషణం రెండు క్రియల మధ్య ఉంది. అది ముందున్న ‘చెబుతున్నాను’ అన్న క్రియకు ఆశ్రితమైతే వాగ్దానం చేసిన రోజు నేడు. వెనకనున్న ‘ఉంటావు’ అన్న క్రియకు ఆశ్రితమైతే వాగ్దానం నెరవేరే రోజు నేడు. ఇలాంటి పరిచయ వాక్యం సువార్తలలో ఇతర చోట్ల ఏ రూపంలో వస్తుందో చూసి, అత్యధిక సంపాదకులూ అనువాదకులూ రెండో అన్వయాన్నే స్వీకరించారు. అయితే ట్రీబ్యాంకు ఒక గీతను మాత్రమే గీయగలదు. గీయని గీత పాఠకుడి కంటికి కనబడదు.

ఎఫెసీయులకు 5:21–22 మరొక రకమైన ఉదాహరణ. పపైరస్ 46, వాటికన్ కోడెక్స్ అనే ప్రాచీన ప్రతులలో 22వ వచనంలో క్రియ లేదు. భార్యలు లోబడడం గురించిన మాట 21వ వచనంలోని ‘ఒకరికొకరు లోబడుతూ’ అనే అర్థమిచ్చే అసమాపక క్రియ మీద ఆధారపడుతుంది, ఆ అసమాపక క్రియ తిరిగి 18వ వచనంలోని ఆత్మతో నిండి ఉండమన్న ఆజ్ఞకు ఆశ్రితం. అనువాదాలలో కొత్త శీర్షికతో విడిపోయి కనిపించే ఈ భాగాలు మూలంలో ఒకే గొలుసుగా ఉన్నాయన్న సంగతి వృక్షంలో ఒక్క చూపుతో తెలుస్తుంది. సాధనం ఏ మూలపాఠాన్ని అనుసరించిందో తెలుసుకోవడం ఎందుకు ముఖ్యమో కూడా ఈ ఉదాహరణే చెబుతుంది: 22వ వచనంలో క్రియ ఉన్న పాఠాన్ని స్వీకరిస్తే వృక్షం మారిపోతుంది.

షష్ఠీ విభక్తి విషయంలో తెలుగుకూ గ్రీకుకూ ఇబ్బంది ఒకటే. 2 కొరింథీయులకు 5:14లోని ‘క్రీస్తు ప్రేమ’ క్రీస్తు చూపిన ప్రేమా, క్రీస్తు మీద ఉన్న ప్రేమా అన్నది రెండు భాషలలోనూ రూపాన్ని బట్టి తేలదు. రూప సంబంధాన్ని మాత్రమే నమోదు చేసే వృక్షం దీన్ని తేల్చకుండా వదిలేస్తుంది.

తెలుగు అనువాదాలు, ఉత్తర తెలంగాణ

తెలుగులో నూతన నిబంధన అనువాదానికి దాదాపు మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1720 దశకంలో చేసిన అనువాదం అచ్చు కాలేదు. విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్, వారికి తోడ్పడిన ఆనందరాయరు కృషి ఫలితంగా మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. నేటి అనువాదకులు పారాటెక్స్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో గ్రీకు మూలాన్నీ తమ అనువాద ముసాయిదానూ పక్కపక్కన పెట్టుకుని పనిచేస్తారు. గ్రీకు, హీబ్రూ భాషల బోధన 1964లో రాజమండ్రిలో ఏర్పడి తరవాత హైదరాబాద్‌కు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వంటి సంస్థలలో ఉంది.

గోదావరి తీరాన, సింగరేణి గనుల నడుమ ఉన్న నస్పూర్, మంచిర్యాల ప్రాంతం ఈ చిత్రంలో ప్రత్యేకమైనది. 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ సీరో-మలబార్ కతోలిక మేత్రాసనం మంచిర్యాల కేంద్రంగా పనిచేస్తుంది. ప్రొటెస్టంటు సంఘమైన దక్షిణ ఇండియా సంఘానికి కరీంనగర్ డయోసిస్ ఉంది. మేత్రాసనానిది సిరియాక్ ఆరాధనా సంప్రదాయం, ప్రొటెస్టంటు సంఘాలది గ్రీకు మూలం నుంచి వచ్చిన తెలుగు అనువాదాల సంప్రదాయం. ఈ రెండూ ఒకే ప్రాంతంలో కలిసి ఉన్నాయి. దీనికి తోడు ఆదిలాబాద్ అడవులలో గోండి, కొలామి అనే ద్రావిడ భాషలు సజీవంగా ఉన్నాయి. పి.ఎస్. సుబ్రహ్మణ్యం 1968లో ప్రచురించిన గోండి వర్ణనాత్మక వ్యాకరణం ఆదిలాబాద్ మాండలికం మీద జరిగిన కృషి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. లిపికి యూనికోడ్ సంకేతాలు లేకుండా పాఠాన్ని కంప్యూటర్‌లో భద్రపరచడం కష్టం, పాఠం లేకుండా వృక్షం గీయడం అసాధ్యం కాబట్టి, ఈ భాషల వాక్య విశ్లేషణకు ఇది మొదటి మెట్టు. ద్రావిడ భాషలన్నిటిలోనూ అసమాపక క్రియలకు ముఖ్యమైన స్థానం ఉన్నందున, మత్తయి 28:19 గురించి తెలుగులో ఎదురైన ప్రశ్నలు ఈ భాషలలోకి జరిగే అనువాదాలలోనూ ఎదురుకాక తప్పదు.

అందుబాటు, పరిమితులు

పైన చెప్పిన వాటిలో ప్రొయేల్, మాక్యులా దత్తాంశాలు ఉచితంగా లభిస్తాయి. కేంబ్రిడ్జ్‌లోని టిండేల్ హౌస్ నుంచి వచ్చిన స్టెప్‌బైబిల్ పదవిశ్లేషణ దాకా ఉచితంగా చూపుతుంది. ఇంటర్నెట్ ఉన్న ఫోన్ చేతిలో ఉంటే నస్పూర్‌లోని పాస్టరుకూ కేంబ్రిడ్జ్‌లోని విద్యార్థికీ అందే పాఠం ఒకటే. ఇక మిగిలిన అడ్డంకి పరిభాష: వృక్షాల మీది గుర్తులన్నీ ఇంగ్లిషు వ్యాకరణ నామాలే.

ఈ సాధనాల పరిమితులు మూడు. ఒకటి, వృక్షం మూలపాఠం కాదు, మూలపాఠాన్ని ఒక పండితుడో బృందమో చదివిన తీరు. రెండు, ఒకే వచనానికి రెండు ట్రీబ్యాంకులు వేర్వేరు వృక్షాలు ఇవ్వవచ్చు. రెంటినీ పోల్చి చూడడం మంచి అలవాటు. మూడు, వాక్య సరిహద్దు దాటి పేరాల మధ్య సాగే వాదక్రమాన్ని వాక్యవృక్షం పట్టుకోలేదు. గ్రీకు విభక్తులూ క్రియారూపాలూ కొంతైనా నేర్చుకోకుండా ఈ సాధనాలను వాడితే, ఇతరుల నిర్ణయాన్ని మూలగ్రంథం మాటగా పొరబడే ప్రమాదం ఉంది.

కర్త, కర్మ, క్త్వార్థకం, శత్రర్థకం అన్న మాటలు బడిలోనే నేర్చుకునే తెలుగు విద్యార్థికి ఆశ్రిత వృక్షం చదవడం కష్టమేమీ కాదు. ప్రస్తుతం స్వేచ్ఛగా లభిస్తున్న గ్రీకు వృక్షాలకు తెలుగు వ్యాకరణ నామాలు చేర్చడం, వాటి పక్కన తెలుగు అనువాద వాక్యాల వృక్షాలను నిలపడం తెలుగు వేదాంత కళాశాలలూ భాషాశాస్త్ర శాఖలూ కలిసి చేపట్టదగిన పని. అందుకు కావలసిన గ్రీకు దత్తాంశం, తెలుగు వ్యాకరణం, సాంకేతిక అనుభవం మూడూ ఇప్పటికే ఉన్నాయి.